తాతగారి జీపు కోసం తిరుగుతున్న జీపును విప్పాలా?

గుంటూరు నుంచి ఒక పాఠకుడు, పేరు వెల్లడించవద్దని కోరుతూ, ఆరు పేజీల ఉత్తరం రాశారు. వయసు నలభై నాలుగు. బ్యాంకులో ఉద్యోగం. ఇంట్లో తల్లి, భార్య, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న కూతురు ఉన్నారు. ప్రత్తిపాడు వైపు ఉన్న స్వగ్రామంలో, ఇప్పుడు ఎవరూ కాపురం ఉండని పాత ఇంటి పశువుల కొట్టంలో, వాళ్ళ తాతగారి జీపు ఉంది. 1969లో కొత్తగా కొన్న మహీంద్రా సి.జె.3బి పెట్రోలు బండి అది. తాతగారు మిరప, పత్తి పండించిన రైతు. ఊళ్ళో మరొకరికి మోటారు బండి లేని రోజుల్లో, అర్ధరాత్రి ఎవరికి పురుటి నొప్పులు వచ్చినా, చేలో ఎవరిని పాము కరిచినా, గుంటూరు పెద్దాసుపత్రికి చేర్చింది ఆ జీపేనని ఊళ్ళో వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారట.

తాతగారు 1994లో పోయారు. నాన్నగారు 2004 వరకు నడిపారు. ఆ ఏడాదే రిజిస్ట్రేషను గడువు తీరింది, ఇంజనూ బిగుసుకుపోయింది, బండి కొట్టంలోకి చేరింది. నాన్నగారు రెండేళ్ళ క్రితం పోతూ, "దాన్ని మాత్రం తుక్కుకు వెయ్యకురా" అన్నారట. కొడుకు ఆ మాటను మనసులో పెట్టుకుని, విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీని ఊరికి తీసుకువెళ్ళి చూపించారు. ఆయన చుట్టూ తిరిగి చూసి, "ఇంజను పోయింది, ఛాసిస్ (బండి కింది ఇనుప చట్రం) తుప్పు పట్టింది, దీన్ని బాగు చేసే బదులు పార్టుల కోసం ఇంకో జీపు కొందాం" అన్నారు. సత్తెనపల్లి దగ్గర ఒక పెద్దాయన వద్ద 1991 నాటి ఎం.ఎం.540 డీజిలు జీపు లక్షా డెబ్బై వేలకు కుదిరింది. ఇరవై వేలు బయానా కూడా ఇచ్చారు. మేస్త్రీ పథకం ఏమిటంటే తాతగారి బాడీ ఊడదీసి ఎం.ఎం.540 ఛాసిస్ మీద కూర్చోబెట్టడం, డీజిలు ఇంజనునే ఉంచడం, నంబరు మాత్రం తాతగారిదే పెట్టడం. కొనుగోలు కాక మూడున్నర లక్షలు అవుతుందని, కాగితాల సంగతి తాను చూసుకుంటానని చెప్పారట. చేతిలో ఉన్నది నాలుగు లక్షలు.

ఇక్కడ మూడు చిక్కులు వచ్చాయి. హైదరాబాదులో ఉన్న బాబాయి మొదట "తుక్కుకు వేసి నా వాటా పంపు" అని, బాగు చేయిస్తున్నారని తెలిశాక "అయితే నా పేరు మీద ఉండాలి, పెద్దకొడుకు పోయాక నేనేగా" అంటున్నారు. భార్య వద్దనలేదు గానీ, "నెలకు ఎన్నిసార్లు నడుపుతారు?" అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకున్నారు. మూడోది, సత్తెనపల్లి పెద్దాయన బయానా పుచ్చుకుంటూ, "నేనిక నడపలేను బాబూ, అది రోడ్డు మీద తిరుగుతుంటే చూడాలని ఉంది" అన్నారు. విప్పడానికే కొంటున్నానని చెప్పడానికి ఈయనకు నోరు రాలేదు. "బతికున్న బండిని చంపి, పోయిన బండిని లేపుతున్నానేమో అనిపించి రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. నేను చేస్తున్నది సరైనదేనా?" అని అడుగుతున్నారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీకు నిద్ర పట్టకపోవడానికి కారణం సెంటిమెంటు ఒక్కటే కాదని నా అభిప్రాయం. మీ మనసుకు తోచిన ఇబ్బందిని కొలబద్ద కూడా సమర్థిస్తోంది. మీరు బయానా ఇచ్చిన జీపు మీ తాతగారి జీపుకు పార్టులు ఇవ్వడానికి అనువైనది కాదు. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత కుటుంబం దగ్గరికి వస్తాను.

సి.జె.3బికి ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు మధ్య దూరం 80 అంగుళాలు. ఎం.ఎం.540కి 91 అంగుళాలు. అంటే పదకొండు అంగుళాల తేడా. బయటికి రెండూ జీపులే, రెండింటి ముఖమూ ఒక్కలాగే ఉంటుంది గనుక ఒకదాని బాడీ ఇంకొకదాని మీద కూర్చుంటుందని అనిపిస్తుంది. కానీ అలా కూర్చోవాలంటే అయితే ఎం.ఎం.540 ఛాసిస్‌ను నడుమ కోసి పదకొండు అంగుళాలు తగ్గించి వెల్డింగు చేయాలి, లేదా మీ తాతగారి బాడీని కోసి రేకు అతికి పొడిగించాలి. మొదటి పని చేస్తే బండి బరువంతా, గుంటల్లో పడే దెబ్బలన్నీ ఆ అతుకు మీద ఆధారపడి ఉంటాయి. రెండో పని చేస్తే మీరు కాపాడదలచుకున్న వస్తువు మిగలదు. మేస్త్రీ ఈ సంగతి మీకు చెప్పారో లేదో మీ ఉత్తరంలో లేదు. ఆయనకు తెలియకపోవడానికి అవకాశం తక్కువ; ఆటోనగర్‌లో ఇలాంటి కోతలూ అతుకులూ కొత్త కాదు. మీరు అడగలేదు గనుక ఆయన చెప్పి ఉండరు.

ఇంజను విషయం కూడా అంతే. మీ తాతగారి జీపులో ఉన్నది సుమారు 2,199 సి.సి. పెట్రోలు ఇంజను. దీనిలో గాలి లోపలికి తీసుకునే వాల్వులు పైన హెడ్డులో ఉంటాయి, పొగ బయటికి పంపే వాల్వులు పక్కన బ్లాకులో ఉంటాయి. ఈ అమరిక వల్ల ఇంజను ఎత్తు పెరిగింది, ఆ ఎత్తు పట్టడానికే సి.జె.3బికి బోనెట్ అంత పైకి లేచింది. మీ చిన్నప్పుడు తాతగారి పక్కన కూర్చుంటే ముందు రోడ్డు కనిపించేది కాదని రాశారు కదా, కారణం అదే. ఎం.ఎం.540లో ఉన్నది ప్యూజో డిజైను 2,112 సి.సి. డీజిలు ఇంజను, దానికి నాలుగు గేర్ల బాక్సు. మీ బండిలోది మూడు గేర్ల బాక్సు. పొడుగు గేరుబాక్సును పొట్టి ఛాసిస్‌లో పెడితే గేరుబాక్సు తిరుగుడును వెనక ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు కురచబడి, ఏటవాలు ఎక్కువై, దాని కీళ్ళలోని జాయింట్ క్రాసులు తరచూ అరిగిపోతాయి. అరవై కిలోమీటర్ల వేగంలో సీటు కింద వచ్చే వణుకు దాని తొలి గుర్తు. ఇక పెట్రోలు బండిని డీజిలు బండిగా మార్చడానికి రవాణా శాఖ ముందస్తు అనుమతి కావాలి. ఈ కాలంలో, ఇంత పాత బండికి, అది సులభంగా వస్తుందని నేను అనుకోను.

ఇరుసుల గురించి ఒక జాగ్రత్త చెబుతాను, మీరు ఏ దారిని ఎంచుకున్నా పనికి వస్తుంది. నాలుగు చక్రాలూ లాగే బండిలో ఇరుసు నడుమ గేర్లుండే గుండ్రటి పెట్టెను హౌసింగు అంటారు; అందులోని పెద్ద పళ్ళచక్రం క్రౌన్, దాన్ని తిప్పే చిన్నది పినియన్. ముందు హౌసింగులోని క్రౌన్ పినియన్ నిష్పత్తి, వెనక హౌసింగులోని నిష్పత్తి ఒకటిగా ఉండాలి. సి.జె.3బికి కంపెనీ ఇచ్చినది 5.38, అంటే క్రౌనుకు 43 పళ్ళు, పినియన్‌కు 8 పళ్ళు. వెనక హౌసింగు ఒక బండిది, ముందుది ఇంకో బండిది తగిలిస్తే, మామూలుగా తిరిగినంతకాలం ఏమీ తెలియదు. ముందు చక్రాల లివరు వేసి తారు రోడ్డు మీద నాలుగు అడుగులు పోయేసరికి రెండు ఇరుసులూ ఒకదానితో ఒకటి పెనుగులాడి ఏదో ఒకటి విరుగుతుంది. ఏ హౌసింగు మార్చినా పళ్ళు లెక్కపెట్టించండి, అనుమానం ఉంటే రెండూ జతగా మార్చించండి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. తాతగారి ఇంజను పోయిందని, ఛాసిస్ పనికిరాదని నిర్ణయించింది ఎవరు? మీ ఉత్తరం ప్రకారం మేస్త్రీ బోనెట్ ఎత్తి చూశారు, హ్యాండిల్ వేసి తిప్పబోతే తిరగలేదు, కిందికి వంగి చూశారు. హెడ్డు విప్పలేదు. ఇరవై ఏళ్ళు కదలని ఇంజను బిగుసుకుపోవడం సహజం. చాలాసార్లు పిస్టను రింగులు సిలిండరు గోడకు తుప్పుతో అంటుకుని ఉంటాయి. నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కో రంధ్రంలో డీజిలు, ఇంజను ఆయిలు కలిపి పోసి, పది పదిహేను రోజులు నానబెట్టి, అప్పుడు స్టార్టింగు హ్యాండిల్‌తో అటూ ఇటూ మెల్లగా కదిలించి చూడాలి. బలవంతం చేయకూడదు. గేరులో వేసి ట్రాక్టరుతో లాగించడం అసలే వద్దు. ఏదైనా వాల్వు బిగుసుకుని ఉంటే దాన్ని నెట్టే పుష్ రాడ్లు వంగుతాయి. కదిలిన తర్వాత హెడ్డు విప్పి బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, కొలిపించండి. అరిగి ఉంటే బోరు వేయించవచ్చు, మరీ అరిగితే స్లీవులు దింపించవచ్చు. విజయవాడ లేత్ షాపుల వాళ్ళకు అది రోజువారీ పని.

ఛాసిస్‌ది మరో కథ. పశువుల కొట్టం ఇనుముకు శత్రువు. మూత్రం, పేడ నుంచి వచ్చే ఆవిరి, నల్లరేగడి నేలలో ఆరని తేమ, ఈ మూడూ కలిసి కింది నుంచి తింటాయి. వెనక అడ్డపట్టె, కమాను పట్టీలు వేలాడే బ్రాకెట్లు, బాడీ బోల్టుల చుట్టూ ఉండే భాగం చూడాలి. చిన్న సుత్తితో తడుతూ పోండి. మంచి ఇనుము గణగణమంటుంది, లోపల తిన్నది మొద్దు చప్పుడు చేస్తుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవరుతో గుచ్చండి. తర్వాత ముందు ఎడమ మూల నుంచి వెనక కుడి మూలకు, ముందు కుడి నుంచి వెనక ఎడమకు టేపుతో కొలవండి. రెండు కొలతలూ సమానంగా ఉంటే ఛాసిస్ ఒక పక్కకు ఒరగలేదు. ఒకటి రెండు బ్రాకెట్లు, వెనక అడ్డపట్టె పోతే ఆ ముక్కలు మార్చుకోవచ్చు. పొడుగు పట్టెలే రంధ్రాలు పడి ఉంటే మాత్రం మేస్త్రీ మాట నిజమే, మీ ముందున్న దారులు తగ్గిపోతాయి. ఈ పరీక్షలన్నింటికీ కలిపి ఒక కూలీ ఖర్చు, రెండు ఆదివారాలు చాలు. లక్షా డెబ్బై వేల నిర్ణయానికి ముందు ఇది చేయకపోవడమే నాకు మీ ఉత్తరంలో కనిపించిన పెద్ద పొరపాటు.

"కాగితాల సంగతి నేను చూసుకుంటాను" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఎం.ఎం.540 ఛాసిస్ మీద తాతగారి రిజిస్ట్రేషను నంబరు నిలవాలంటే, ఛాసిస్ నంబరు కూడా సి-బుక్కుతో కలవాలి గనుక, రెండు మార్గాలే ఉన్నాయి. ఛాసిస్ మీద కొట్టి ఉన్న నంబరును చెరిపి తాతగారి బండి ఛాసిస్ నంబరు కొట్టడం ఒకటి. తాతగారి ఛాసిస్ నుంచి నంబరున్న ముక్కను కోసి అక్కడ అతకడం రెండోది. దొంగ బండ్లను అమ్మేవాళ్ళు చేసే పని ఇదే. ఎప్పుడైనా ప్రమాదం జరిగి బీమా కంపెనీ మనిషి వచ్చి చూసినా, చెక్‌పోస్టులో ఒక అధికారి టార్చిలైటు వేసినా, అది మీ తాతగారి జ్ఞాపకం అన్న సమాధానం పని చేయదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షను అలాంటి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ ఉండవచ్చంటుంది. మేస్త్రీ పేరు ఎక్కడా ఉండదు, సంతకాలన్నీ మీవే. బ్యాంకు ఉద్యోగి అయిన మీకు సంతకం విలువ నేను చెప్పనక్కరలేదు.

ఈ నేపథ్యంలో మీకు మూడు నాలుగు దారులు కనిపిస్తున్నాయి.

మొదటిది, తాతగారి జీపును దాని ఛాసిస్ మీదే, దాని పెట్రోలు ఇంజనుతోనే నిలబెట్టడం. దీనికి పార్టుల బండి అవసరమైతే, అది సి.జె.3బి గానీ, అవే గేరుబాక్సు, హౌసింగులు ఉన్న అదే కాలపు పెట్రోలు జీపు గానీ అయి ఉండాలి. ఎలాగూ నడవని స్థితిలో, ఎక్కడో చెట్టు కింద మొక్కలు మొలిచిన దాన్ని వెతకండి. నడిచే బండికి ఇచ్చే ధరలో మూడో వంతు కూడా కాకపోవచ్చు, మీ మనసుకు బరువూ ఉండదు. అలాంటి దాన్ని కొన్నా కాగితాలు మర్చిపోవద్దు. ఎవరి పేరున ఉందో, అప్పు నమోదు ఉందో లేదో చూసి, పూర్తిగా విప్పేస్తున్నప్పుడు 55వ సెక్షను ప్రకారం పద్నాలుగు రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేసి దాని సి-బుక్కు అప్పగించాలి. ఊరికే అల్మారాలో పడి ఉన్న సి-బుక్కులు ఎవరి చేతుల్లోకో వెళ్ళి ఇంకే బండికో తగులుకుంటాయి.

ఈ దారిలో ఇంకో వెసులుబాటు ఉంది. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషను నుంచి యాభై ఏళ్ళు దాటిన సొంత వాడకపు బండ్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. మీ జీపుకు 2019లోనే యాభై నిండాయి. కొత్త నమోదుకు ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. ముందే నంబరున్న బండ్లు పాత నంబరునే ఉంచుకోవచ్చు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజను మార్చకుండా అసలు రూపంలో ఉండాలని షరతు. మేస్త్రీ పథకం ప్రకారం చేస్తే ఈ తలుపు శాశ్వతంగా మూసుకుపోతుంది. పైగా వింటేజ్ నమోదు ఉన్న బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు కోసం, మరమ్మతు కోసం తప్ప రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. అప్పుడప్పుడు పొలానికి వెళ్ళి రావాలనే కోరిక ఉంటే మామూలు పద్ధతిలో ఐదేళ్ళకొకసారి పునరుద్ధరణ చేయించుకోవాలి. దాని ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలైంది, ఇరవై ఏళ్ళు దాటిన కార్ల తరగతి బండ్లకు 2025లో 10,000 అయింది. ఇన్నేళ్ళ ఆలస్యానికి అదనపు రుసుము, హరిత పన్ను వేరు. ఇక్కడే మీ శ్రీమతి ప్రశ్న అక్కరకు వస్తుంది. నెలకు ఎన్నిసార్లు నడుపుతారన్నదాన్ని మీరు అడ్డుపుల్లగా తీసుకున్నట్టున్నారు. ఏ రకం నమోదు కావాలో, బ్రేకుల మీద ఎంత పెట్టాలో, బండి ఊళ్ళో ఉండాలో గుంటూరులో ఉండాలో తేల్చేది ఆ ప్రశ్నే. ఆవిడకు సమాధానం అంకెలో చెప్పండి. నిజాయితీగా "ఏడాదికి ఆరుసార్లు" అయితే అలాగే చెప్పండి.

రెండో దారి, తాతగారి జీపును ఉన్నదున్నట్టు కాపాడి, ఎం.ఎం.540ని విప్పకుండా కొని నడుపుకోవడం. కొట్టంలో నుంచి బయటికి తెచ్చి, నీళ్ళతో కడిగి ఆరబెట్టి, తుప్పు గీకి ప్రైమరు వేయించి, ఇరుసుల కింద దిమ్మెలు పెట్టి, గచ్చు నేల మీద పైకప్పు కింద నిలబెడితే మరో ఇరవై ఏళ్ళు చెక్కుచెదరదు. మీ నాన్నగారు కోరింది తుక్కుకు వేయవద్దనే కదా, నడపమని అన్నట్టు మీరు రాయలేదు. సత్తెనపల్లి పెద్దాయన కోరికా తీరుతుంది. కానీ ఇందులో ఖర్చు తక్కువేమీ కాదు. ఎం.ఎం.540కి కూడా పునరుద్ధరణ, ఫిట్‌నెసు, టైర్లు, మరమ్మతులు ఉంటాయి. ముప్పై దాటిన డీజిలు బండి మీద ముందు ముందు ఎలాంటి ఆంక్షలు వస్తాయోనన్న చింత ఉంటుంది. అంతేకాక, మీకు కావలసింది ఒక జీపు నడపడమా, తాతగారి జీపు నడపడమా అన్నది మీరే తేల్చుకోవాలి. మీ ఉత్తరంలో ఎం.ఎం.540 గురించి నాలుగు పంక్తులు ఉన్నాయి, కొట్టంలో ఉన్న దాని గురించి మూడు పేజీలు ఉన్నాయి.

మూడోది మేస్త్రీ చెప్పిన దారి. ఎలాగైనా అదే చేయాలనుకుంటే నంబరు మాత్రం ఎం.ఎం.540దే ఉంచి, బాడీ మార్పుకు రవాణా శాఖ అనుమతి రాతపూర్వకంగా తెచ్చుకుని, ఆ తర్వాతే రంపం పట్టించండి. అప్పుడు చట్టం దృష్టిలో అది 1991 నాటి డీజిలు బండి, తాతగారి జీపు కాగితం మీద ముగిసిపోయినట్టే. బాబాయిగారు తన పేరు మీద ఉండాలన్నా, అలా పెట్టడానికి తాతగారి బండంటూ మిగలదు. నేనైతే ఆ వైపు పోను.

నాలుగోది, పాత బండ్లు సేకరించేవాళ్ళకు అమ్మేయడం. మీరు అడగలేదు గనుక విస్తరించను. ఎవరికి అమ్మినా ముందు కాగితాలు మీ పేరు మీదికి రావాల్సిందే.

ఆ కాగితాల దగ్గరికే వస్తున్నాను. బండి ఇప్పటికీ 1994లో పోయిన తాతగారి పేరు మీదే ఉంది. యజమాని పోతే వారసుడు ముప్పై రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలిపి, మూడు నెలల్లోగా 31వ నంబరు ఫారంతో పేరు మార్పించుకోవాలన్నది నిబంధన. మీ నాన్నగారు అది చేయలేదు. అందువల్ల పదేళ్ళు ఆయన నడిపింది తండ్రిగారి బండినే. బాబాయిగారు "పెద్దకొడుకు పోయాక నేనేగా" అంటున్నారు. చట్టం అలా అనదు. తాతగారు వీలునామా రాయకుండా పోతే, తన కష్టార్జితంతో కొన్న ఆస్తి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు సమానంగా వెళుతుంది. అంటే నాయనమ్మగారి తర్వాత మిగిలింది మీ నాన్నగారి వాటా, బాబాయిగారి వాటా, మీ మేనత్తగారి వాటా. మీ నాన్నగారి వాటాలో మీ అమ్మగారికీ భాగం ఉంది. తెనాలిలో ఉన్న మేనత్తగారి గురించి మీరు రాసింది ఒకే ఒక్క వాక్యం: "అత్త ఏమీ అనదులెండి." అనకపోవచ్చు. కానీ అడిగారా? ఆ జీపులోనే ఆవిడ మొదటి కాన్పుకు ఆసుపత్రికి వెళ్ళారని ఉత్తరంలో మరోచోట మీరే రాశారు.

రవాణా కార్యాలయం వాళ్ళు అడిగేది కూడా ఇదే. తాతగారి, నాయనమ్మగారి, నాన్నగారి మరణ ధ్రువపత్రాలు, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగిలిన వారసులందరి నుంచి అభ్యంతరం లేదన్న అఫిడవిట్లు. కాబట్టి బాబాయిగారితో ఫోనులో ఎవరి పేరు అన్న వాదన ఇప్పుడు పెట్టుకోవద్దు. ఆయనకు నేరుగా ఒక ప్రతిపాదన పెట్టండి. పేరు కావాలంటే ఖర్చు, బీమా, బాధ్యత ఆయనవి. లేదా పేరు మీది, ఖర్చు మీది, బండిని ఏనాడైనా అమ్మదలిస్తే ముందు ఆయనకూ అత్తగారికీ చెప్పాలన్న మాట కాగితం మీద పెడతారు. ఆయన అడుగుతున్నది బండో, పెద్దరికమో అప్పుడు తేలుతుంది. పెద్దరికమే అయితే, తొలిసారి బండి కదిలే రోజున స్టీరింగు ఆయన చేతికిస్తే సరిపోతుందేమో. అది మీకు తెలిసినంతగా నాకు తెలియదు. మీ పేరు మీదికి వచ్చాక మాత్రం సి-బుక్కులో నామినీ పేరు రాయించండి. 2021 నుంచి ఆ వీలు ఉంది. మీ అమ్మాయి ఈ చిక్కులన్నీ మళ్ళీ పడనవసరం లేదు.

సత్తెనపల్లి పెద్దాయన దగ్గరికి మీరే వెళ్ళండి. విప్పడానికి కొన్నానని, ఇప్పుడు మనసు మారిందని ఉన్నదున్నట్టు చెప్పండి. నడుపుకోవడానికి కొంటే రెండో దారి. వద్దనుకుంటే బయానా వదులుకోవడానికి సిద్ధపడి వెళ్ళండి. ఆయన తిరిగి ఇస్తే అది ఆయన మంచితనం. ఇరవై వేలు పోవడం బాధే, కానీ పనికిరాని పార్టుల కోసం మిగతా లక్షన్నర పోయడం కంటే చిన్న బాధ.

డబ్బు గురించి ఇంకొక్క మాట. మూడున్నర లక్షలకు మొత్తం తేలుస్తానన్న గుత్త మాట మీద పని అప్పగించవద్దు. విడతలుగా చేయించండి. మొదటి విడతలో పరీక్షలు, కాగితాలు. రెండో విడతలో ఛాసిస్, ఇంజను, బ్రేకులు. రంగు, సీట్లు, గుడ్డ టాపు ఆఖరున. ఎంతోమంది రంగుతో మొదలుపెట్టి, మెరిసే బండిని బ్రేకులు లేకుండా నిలబెట్టుకుంటారు. సామాను మీరే కొని బిల్లులు దాచుకోండి, మేస్త్రీకి కూలి వేరుగా ఇవ్వండి. విప్పే ముందు ప్రతి భాగాన్నీ ఫోనులో ఫోటో తీసి, నట్లూ బోల్టులూ వేర్వేరు సంచుల్లో పేర్లు రాసి కట్టండి. నేను ఒకప్పుడు మా నాన్నగారి స్కూటరును విప్పించి అన్నీ ఒకే డాల్డా డబ్బాలో వేయించాను. ఎనిమిది నెలల తర్వాత స్కూటరు తయారైంది, డబ్బాలో పదకొండు నట్లు మిగిలాయి. అవి ఎక్కడివో ఇప్పటికీ తెలియదు.

పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. ఎంత ఖాళీగా కనిపించినా దాని లోపల ఆవిరి ఉంటుంది. పూర్తిగా కడిగి నీళ్ళు నింపకుండా దానికి వెల్డింగు మంట తగలనివ్వవద్దు. బ్రేకు డ్రమ్ముల్లో ఉండే పాత లైనింగు దుమ్ములో ఆస్బెస్టాస్ ఉంటుంది గనుక గాలి కొట్టి ఊదనివ్వకండి, తడిగుడ్డతో తుడవమనండి. ఈ బండికి నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకే లైను. ఒక్క చోట కారినా అన్నీ పోతాయి. మాస్టరు సిలిండరు, చక్రాల సిలిండర్లు, గొట్టాలు అన్నీ కొత్తవే వేయించండి, ఇక్కడ పొదుపు వద్దు. ఇప్పటి పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాలు కలుస్తోంది, అది పాతకాలపు రబ్బరును మెత్తబరుస్తుంది. పెట్రోలు పంపు డయాఫ్రం, గొట్టాలు ఇథనాలుకు తట్టుకునే రకం అడిగి తీసుకోండి. జీపు రేకులో వంపులు తక్కువ గనుక టింకరింగు మన దగ్గరే బాగా చేస్తారు. పాత రేకు మందం కొలిపించి అదే మందం వేయమనండి, పుట్టీతో నింపి చూపిస్తే ఒప్పుకోవద్దు. రంగు పని వానాకాలంలో పెట్టుకోకండి. మన కోస్తా తేమకు ప్రైమరు కింద నీరు చేరి ఏడాది తిరగకుండా పొక్కుతుంది. ఇప్పుడు కాగితాలతో మొదలుపెడితే, మిరప కోతల నాటికి ఎండ బాగా ఉంటుంది.

చివరిగా, మీ దగ్గర ఉన్నది సి-బుక్కు జిరాక్సు మాత్రమేనని, అసలుది ఎంత వెతికినా దొరకలేదని రాశారు. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి 26వ నంబరు ఫారంతో నకలు తీసుకోవచ్చు గానీ, అంత పాత బండి వివరాలు కంప్యూటరులో లేకపోతే కార్యాలయం వాళ్ళు పాత రిజిస్టర్లు తిరగేయాలి, నెలలు పడుతుంది. తాతగారి ఇనప్పెట్టె పంపకాల్లో ఎవరికి వెళ్ళిందో ఒకసారి గుర్తు చేసుకోండి. మేనత్తగారికే అయితే, ఫోను చేయకుండా ఈ ఆదివారం తెనాలి వెళ్ళండి. మీ అమ్మాయిని కూడా తీసుకువెళ్ళండి. జీపు సంగతి చెప్పి, ఆవిడ ఏమంటారో పూర్తిగా విన్నాక, ఆ పెట్టె తెరిచి చూపమని అడగండి.